గుఢియారీ శాఖకు డ్యూటీ కాల్

నా మొదటి ఉద్యోగం ఒక రాజకీయ పార్టీలో అంటే మా మనవలు నవ్వుతారు. పార్టీలో పదవులుంటాయి గాని ఉద్యోగాలేమిటి తాతా అంటారు. పదవులు మిగతావాళ్ళకి నాయనా, నాకు మాత్రం ఉద్యోగమే. పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, గది ఊడ్చి, కుండలో నీళ్ళు నింపి, ఆ తర్వాత కుర్చీలో కూర్చుని ఉత్తరాలు రాయాలి. జీతం వచ్చే నెల ఉండేది, రాని నెలా ఉండేది. తర్వాత బ్యాంకులో చేరి, అక్కడే జుట్టు నెరిసి, దండ వేయించుకుని ఇంటికొచ్చాను. కానీ ఆ పార్టీ ఆఫీసులో నవ్వినంత నవ్వు మళ్ళీ ఎక్కడా నవ్వలేదు.

అప్పటికి మా రాయ్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉండేది. రాజధాని నాగపూర్. పెద్ద పార్టీతో పొసగక బయటికొచ్చిన కొందరు వకీళ్ళూ, బడిపంతుళ్ళూ కలిసి మా పార్టీ పెట్టారు. అసెంబ్లీలో మావాళ్ళందరూ కాస్త సర్దుకుంటే ఒక్క బెంచీ సరిపోయేది. అయినా నిర్మాణం మాత్రం ఘనంగా ఉండేది. బస్తీకో శాఖ, దానిమీద జిల్లా, దానిమీద రాష్ట్ర మండలి, ప్రతి మెట్టు మీదా ఒక అధ్యక్షుడూ ఒక కార్యదర్శీ. హిందీలో కార్యదర్శిని మంత్రి అంటారు. నేను జిల్లా కార్యాలయ మంత్రిని. విజయనగరం దగ్గర మా ఊళ్ళో మా అమ్మ ఈ మాట పట్టుకుని, మావాడు మంత్రి అయ్యాడని వీధి వీధంతా చెప్పుకుంది. ఆ అబద్ధం సవరించే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

మా జిల్లా అధ్యక్షుడు వకీలు సాబ్, రాయ్‌పూర్ మనిషే, సైకిలు మీద కోర్టుకెళ్ళేవాడు. ఒకరోజు నన్ను పిలిచి, "అరే భాయీ, గుఢియారీలో రైలు కట్ట పక్కన మీ ఆంధ్రావాళ్ళు అంతమంది ఉన్నారు గదా, అక్కడ మనకొక శాఖ ఎందుకు లేదు?" అన్నాడు. ఎందుకు లేదంటే, వాళ్ళందరూ రైల్వే వాళ్ళు. సర్కారు కొలువులో ఉన్నవాడు పార్టీలో ఉండకూడదని రూలు. ఫైర్‌మెన్లు, గార్డులు, ఖలాసీలు మా మాట వినేవాళ్ళు, టీ ఇచ్చేవాళ్ళు, పార్టీ సభ్యత్వం చీటీ తీయగానే డ్యూటీ ఉందని లేచి వెళ్ళిపోయేవాళ్ళు.

"మగాళ్ళకి గదా రూలు. ఆడాళ్ళకి లేదు గదా?" అన్నాడు వకీలు సాబ్. కోర్టులో ఆయన గెలిచిన కేసులు తక్కువే గాని ఈ ఒక్క పాయింటు బ్రహ్మాండంగా పట్టాడు. కాలనీ ఆడవాళ్ళకి మీటింగు అని నేను గోడలన్నిటికీ నోటీసులు అతికించాను, హిందీలోనూ తెలుగులోనూ. ఆ రోజు వచ్చినవాళ్ళు నేనూ, వకీలు సాబూ, ఆయన సైకిలూ.

అక్కడికి దగ్గర్లోనే ఒక గార్డు గారి క్వార్టరు. ఆయన భార్య వరండాలోంచి మా అవస్థ అంతా చూస్తూనే ఉంది. నిండైన మనిషి, నోరు కూడా నిండుగానే ఉండేది. నన్ను పిలిచి, "ఏటి తమ్ముడూ, గోడకి కాయితం అంటిస్తే ఎవులొస్తారు? పిలవని పేరంటానికి ఎవులెల్తారు? సభ మా వరండాలో పెట్టు. పిలుపు నాకొదిలీ" అంది. ఆవిడ తెల్లవారి తలంటుకుని, పట్టుచీర కట్టి, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. ఇంటింటికీ వెళ్ళి, ఆడవాళ్ళకి బొట్టు పెట్టి, మధ్యాహ్నం మా ఇంటికి రండమ్మా అంది. మధ్యాహ్నానికి వరండా పట్టలేదు, మెట్ల మీద కూర్చున్నారు. శనగల వాయనం, తాంబూలం, మధ్యలో వకీలు సాబ్ ఉపన్యాసం. నేను తెలుగులో చెబుతుంటే వాళ్ళు శ్రద్ధగా విని, చివర్న కొళాయి సంగతేమిటని అడిగారు. ఆ కాలనీలో నీళ్ళ కొళాయి ఒకే ఒకటి ఉండేది, దాని కోసం రోజూ యుద్ధం జరిగేది. మా శాఖ మొదటి తీర్మానం ఆ కొళాయి మీదే. ఆవిడే శాఖ అధ్యక్షురాలయింది.

అప్పట్నుంచీ గుఢియారీ శాఖ సభలన్నీ పేరంటాలే. మా జిల్లాలో ఏ శాఖకూ అంత హాజరు లేదు. "సభ్యులందరికీ ఇంటింటికీ వెళ్ళి కబురు అందజేయడమైనది" అని నేను నాగపూర్‌కి గర్వంగా రాసేవాణ్ణి.

సభలు నడిపింది గార్డు గారి భార్య. సభ్యుల్ని చేర్చింది మాత్రం ఇంకొకావిడ. ఆవిణ్ణి అందరూ పిన్ని అనేవారు, వయసులో పెద్దవాళ్ళు కూడా. భర్త ఫైర్‌మెన్, చాలా కాలం కిందట పోయాడు. ఖలాసీ తమ్ముడి ఇంట్లో ఉంటూ అప్పడాలు, వడియాలు పెట్టి డబ్బాలో పోసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. తెలుగిళ్ళల్లో తెలుగు, పక్క బస్తీలో ఛత్తీస్‌గఢీ, మార్వాడీ ఇళ్ళల్లో హిందీ, ఏదైనా ఒకే వేగం. అప్పడాలతో పాటు మా చీటీల కట్ట కూడా రొండిన దోపుకునేది. ఎవరైనా వెనకాడితే ఆవిడది ఒకటే మాట.

"మీ ఆయన నోరు సర్కారోడు కట్టీసేడు. నీ నోరు ఎవుడు కట్టీసేడమ్మా?"

ఈ మాటకి జవాబు చెప్పగలిగిన ఇల్లాలు గుఢియారీలో దొరకలేదు. కాలనీ సభ్యుల్లో సగానికి పైగా ఆవిడ చేర్చినవాళ్ళే. సభలో ఆవిడ కనబడకపోతే, అమ్మకానికి తిరుగుతోంది గదా, తీరిక లేదేమో అనుకునేవాణ్ణి. అప్పడాలు అమ్మే మనిషికి మధ్యాహ్నాలే పని అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇంతలో నాగపూర్‌లో రాష్ట్ర మహాసభ వచ్చింది. పార్టీ చిన్నదే గాని లోపల రెండు వర్గాలు, ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదు. అందుకని ప్రతి శాఖా సభ్యులందర్నీ పిలిచి తన ప్రతినిధిని ఎన్నుకోవాలి, ఆ ఎన్నిక సక్రమంగా జరిగిందో లేదో చూడ్డానికి మండలి ఒక పరిశీలకుణ్ణి పంపుతుంది అని ఉత్తర్వు వచ్చింది. సక్రమంగా లేకపోతే ఆ శాఖ పేరు కొట్టేస్తారు. మేం వెంటనే పేరంటం పెట్టి, శనగలు తిని, గార్డు గారి భార్యని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.

పరిశీలకుడు దిగాడు. రిటైరైన హెడ్‌మాస్టరు, మరాఠీ ఆయన. సన్నగా పొడుగ్గా ఉండేవాడు. నవ్వితే మార్కులు తగ్గుతాయేమో అన్నట్టుండేది మొహం. అందరూ మాస్టర్‌జీ అనేవారు. ఆఫీసులో నా కాగితాలన్నీ చూసి, బాగున్నాయి, ఇక మనుషుల్ని చూద్దాం అన్నాడు. ఆయన్ని గుఢియారీ తీసుకెళ్ళాను. ఎండ మండిపోతోంది. దారిలో ఒక గుమ్మంలో పిన్ని అప్పడాలు ఆరబోస్తూ కనబడింది. మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగి, హిందీలో మర్యాదగా, "మొన్న ఎన్నిక బాగా జరిగిందా అమ్మా?" అని అడిగాడు.

"నానెల్లనేదు బాబూ." ఆవిడా హిందీలోనే అంది, నేను మన మాటలో చెబుతున్నాను.

"మీరు సభ్యులు కారా?"

"ఎందుక్కాను? ఈ ఈదంతా మెంబర్లయింది నా వల్లే."

"మరి ఎందుకు వెళ్ళలేదు?"

పిన్ని నావైపు చూసింది. అది నిందలా లేదు, ఈ మాట నువ్వే చెప్పు అన్నట్టుంది. చివరికి ఆవిడే చెప్పింది. "బొట్టెట్టి పిలుస్తారు బాబూ. నాకు పిలుపెలాగొస్తాది? నానూ, ఆ ఎనక లైన్లో ఇంకో ఇద్దరూ, మాం ఎల్లం. తప్పేటి నేదు. కానీ ఒక్క కోరికుంది. ఇంతమందిని సేర్సేను గదా, అందరూ ఒక్కకాడ కూకుంటే ఎలాగుంటాదో ఒక్కపాలి సూడాలనుంది."

మాస్టర్‌జీ గ్లాసు కింద పెట్టాడు. "హల్దీ కుంకూ" అన్నాడు నాతో. "మా వైపూ ఉంది ఈ పేరంటం. నీ కాగితంలో సభ్యులందరికీ అని రాశావు." అంతే. అక్కడే గోడనీడలో నిలబడి ఎన్నిక రద్దు చేశాడు. ఆదివారం లోపల సభ్యులందరినీ పిలిచి మళ్ళీ జరపండి, లేదా శాఖ లేదు అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. ఆ తర్వాత నామీద నాకు ఇంకా మండింది. రూలు పుస్తకం చేతిలో పెట్టుకు తిరుగుతున్నవాణ్ణి, పిలుపు అనేది ఎవరి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోతోందో ఒక్కసారి కూడా చూసుకోలేదు. పార్టీ పెట్టింది ఎవరి నోరు విప్పడానికి, మేము చేసిందేమిటి? వకీలు సాబ్ సంగతి విని కాసేపు సైకిలు బెల్లు ఊరికే మోగిస్తూ కూర్చున్నాడు.

గార్డు గారి భార్యకి చెప్తే అగ్గి మీద గుగ్గిలమయింది. "నాను పిన్నిని కావాలని ఒగ్గీసేనా? భరిణె పట్టుకుని ఆ గుమ్మంలోకెళ్ళి ఏటి సెయ్యమంటావు? ఎల్లి బొట్టెట్టకుండా తిరిగొస్తే అదింకా అవమానం కాదూ?" అంది. వరండాలో అప్పటికే పదిమంది చేరారు. నేను నోటీసులు అతికిద్దామన్నాను. నీ కాయితాలు మేకలు తింటాయి పో అన్నారు. ఒక డ్రైవరు గారి భార్య, తాంబూలమే ఇచ్చి పిలుద్దామంది. తాంబూలం ఒకళ్ళకిచ్చి బొట్టు ఇంకొకళ్ళకి పెడితే రెండు పంక్తులవుతాయి, అది మరీ దారుణం అంది ఇంకొకావిడ. ఎవరికి తోచినట్టు వాళ్ళు మాట్లాడారు, ఏదీ తేలలేదు.

అప్పుడు కాల్‌మేన్ వచ్చాడు. రైల్వేలో ఇది రోజూ ఉండేదే. బండికి ఎవరు వెళ్ళాలో షెడ్డులో నిర్ణయమవగానే కాల్‌మేన్ ఇంటికొచ్చి తలుపు కొట్టి, ఫలానా బండి, ఫలానా టైము అని చెప్పి పుస్తకంలో సంతకం పెట్టించుకుంటాడు. జ్వరమున్నా, చుట్టాలున్నా, కాల్ వచ్చాక కాదనడానికి లేదు. లోపల్నుంచి గార్డు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు, సంతకం పెట్టారు, పెట్టె సర్దుకోడానికి లోపలికెళ్ళారు.

ఆయన భార్య ఇదంతా గుడ్లప్పగించి చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నదే, ఆ రోజు కొత్తగా చూసింది. "ఓలమ్మ, ఈ మనిషికి బొట్టెట్టి పిలిస్తేనే బండి కాడికెల్తన్నాడా? పెళ్ళాముందా పోయిందా అని కాల్‌మేన్ అడుగుతన్నాడా?" అంది. లేచి నిలబడింది. "పేరంటమైతే బొట్టు. ఇది డ్యూటీ. డ్యూటీకి కాలే" అంది.

మర్నాడు ఆవిడ పట్టుచీర కట్టలేదు. ఇంట్లో కట్టుకునే నేత చీర కొంగు బిగించి, భరిణె లేకుండా, చంకలో నా దగ్గర తీసుకున్న సభ్యుల పుస్తకం పెట్టుకుని బయల్దేరింది. నేను వెనకాల నడిచాను. మొదటి గుమ్మం పిన్నిదే. తలుపు టకటకా కొట్టి, కాల్‌మేన్ గొంతు పెట్టి, "గుఢియారీ శాఖ, ఆదివారం, మధ్యాన్నం మూడు గంటలు. కాల్ వచ్చింది, సంతకమెట్టు" అంది.

పిన్ని పిండి చేతుల్తో బయటికొచ్చింది. మొదట నవ్వింది. ఆ తర్వాత అది పరాచికం కాదని తెలిసి ఆ చేతులు చీరకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. సంతకం రాదు, వేలిముద్ర వేసింది. పుస్తకం నిండా బియ్యప్పిండి. "టైముకొస్తావా?" అని అడిగింది గార్డు గారి భార్య కటువుగా. "లేట్ అవనులే" అంది పిన్ని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆ తర్వాత ఇల్లిల్లూ అదే తంతు. కాలనీ పిల్లామేకా అంతా నవ్వుకుంటూ ఆవిడ వెనకబడ్డారు. డ్యూటీ నుంచి వచ్చిన మగాళ్ళు, "మాకు రెస్టు, మీకు కాలా?" అని ఆటపట్టించారు. "మీకు కట్టింది నోరు, మాది ఖాళీయే" అని లోపల్నుంచి జవాబులు.

ఆదివారం వరండాలో చాప మీద పిన్ని అందరికంటే ముందే వచ్చి కూర్చుంది, గుమ్మానికి ఆనుకుని ఒక మూలగా. వెనక లైన్లోని ఇద్దరూ ఆవిడ పక్కన. జనం నిండాక మాస్టర్‌జీ లేచి, ప్రతినిధిగా ఎవరిని ప్రతిపాదిస్తారని అడిగాడు. గార్డు గారి భార్య పేరు చెప్పారు, సహజమే. అప్పుడు కొత్తగా కాపురానికొచ్చిన ఒక అమ్మాయి లేచి, "నన్ను చేర్చింది పిన్ని. నాకు పిన్ని వెళ్ళాలనుంది" అంది. పిన్ని, కూకోవే పిల్లా అని ఆ అమ్మాయి చీర లాగింది. కానీ మాస్టర్‌జీ అప్పటికే రాసేసుకున్నాడు.

చదవడం రానివాళ్ళే ఎక్కువ. అందుకని దేశంలో మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చేసిన పద్ధతే పెట్టాం. అప్పుడు పోటీదారుకొక పెట్టె ఉండేది, ఓటు నచ్చినవాళ్ళ పెట్టెలో వేయడమే. లోపలి గదిలో గార్డు గారి భార్యకి ఇత్తడి బిందె, పిన్నికి ఆవిడ అప్పడాల డబ్బా పెట్టి, మనిషికొక చింతగింజ ఇచ్చాం. ఒక్కొక్కరే లోపలికెళ్ళి వేసి రావాలి. మొదటి మనిషి వెళ్ళింది. బిందె ఖంగుమంది. వరండా అంతా గార్డు గారి భార్య వైపు చూసింది. రెండో మనిషి వెళ్ళింది. డబ్బా టప్పుమంది. వరండా అంతా పిన్ని వైపు చూసింది. మూడో మనిషి భయపడి లోపలే నిలబడిపోయింది.

"గుప్త మతదానం" అన్నాడు మాస్టర్‌జీ తల పట్టుకుని, అంటే ఓటు రహస్యంగా ఉండాలని. పోలింగు ఆపి, బిందెలోనూ డబ్బాలోనూ గార్డు గారి పాత యూనిఫారం గుడ్డ మడతపెట్టి వేయించి, మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టించాడు. ఆయన నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను, అదీ గోడవైపు తిరిగి.

లెక్క పెట్టాక డబ్బాయే బరువు తూగింది. వరండాలో ఈలలొక్కటే తక్కువ. "నా ఇంట్లో, నా శనగలు తిని నన్నే ఓడించీసేరు గదర్రా" అని గార్డు గారి భార్య నడుం మీద చేతులేసుకుంది. కాస్త బాధ ఉంది ఆ మాటలో, దాచుకోలేదు. కానీ వెళ్ళి పిన్ని చెయ్యి పట్టుకుని మూలనుంచి లేపి, జనం ఎదురుగా నిలబెట్టింది. "సూడు. సూడాలన్నావంట గదా. ఈళ్ళే" అంది. పిన్ని చూసింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్క మొహమే, తొందరపడకుండా చూసింది. ఏమైనా మాట్లాడమని మాస్టర్‌జీ అడిగితే, "కొళాయి గురించి అక్కడ అడుగుతాను" అని మాత్రం అంది.

కాలనీ అంతా తలా కాస్త వేసుకుని టిక్కెట్టు కొన్నారు. పొద్దున బండికి పిన్నినీ నన్నూ ఎక్కించారు, సాయంత్రానికి నాగపూర్ చేరాం. పేద పార్టీ కదా, ప్రతినిధుల బస ఊళ్ళో సభ్యుల ఇళ్ళల్లోనే. నాకు బడి వరండా ఇచ్చారు. పిన్ని ఆడమనిషి కనుక మాస్టర్‌జీ ఇంట్లో ఉంచారు, అక్కడ ఆయన అక్కగారు ఉన్నారని. నేను దిగబెట్టినప్పుడు ఆవిడ గుమ్మంలో కనబడింది. తెల్లచీర, తలమీద కొంగు, చేతిలో దీపం. ఆవిణ్ణి ఆ ఇంట్లో తాయీ అంటారు, అంటే అక్క.

మర్నాడు పొద్దున్న సభాస్థలి గేటు దగ్గర మాస్టర్‌జీ ఒక బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్కన నేను. వచ్చిన ప్రతి మనిషి చీటీ తీసుకుని, పేరు గట్టిగా చదివి, లోపలికి పంపడం ఆయన పని. ప్రతినిధులు ముందు వరుసల్లో, మామూలు సభ్యులు వెనక బెంచీల మీద. ఈ విషయంలో ఆయన ఒక ఎమ్మెల్యేని కూడా వెనక్కి నడిపించాడు. కాసేపటికి లైన్లో పిన్ని కనబడింది. నన్ను చూసి గుసగుసగా, "రాత్రి తాయీ అన్నం వడ్డిస్తుంటే అడిగేను బాబూ, నువ్వు మెంబరువేనా అని. నన్నెవులడుగుతారు అంది. కంచం పక్కనెట్టి ముందు చీటీ తీసేను. తన పేరు తనే రాసుకుంది" అంది. ఆవిడ వెనకాల తెల్లచీర నిలబడి ఉంది.

మాస్టర్‌జీ పిన్ని పేరు చదివి పంపాడు. తర్వాతి చీటీ తలెత్తకుండానే అందుకుని, చదవబోయి ఆగిపోయాడు.

"తాయీ" అన్నాడు.

"పేరు చదువు. వెనక జనం ఉన్నారు" అంది ఆవిడ.

ఆయన లేచి నిలబడ్డాడు. మిగతావాళ్ళకి లేవలేదు. ఆవిడ పూర్తి పేరు చదివాడు. ఆ ఇంట్లో ఎన్నేళ్ళుగానో ఎవరూ పలకని పేరు, సగంలో ఆగి మళ్ళీ మొదట్నుంచీ గట్టిగా చదివాడు. చీటీ తిరిగివ్వడం మరిచిపోయి అలాగే పట్టుకున్నాడు. ఆవిడే దాన్ని ఆయన వేళ్ళలోంచి తీసుకుని, మడిచి కొంగున ముడివేసుకుని లోపలికెళ్ళింది. వెళ్ళి తిన్నగా ముందు వరుసలో పిన్ని పక్కన కూర్చుంది. అది ప్రతినిధుల చోటు. మాస్టర్‌జీ చూశాడు. తర్వాతి చీటీకి చెయ్యి చాచాడు.